రెండు గిన్నెల సున్నపు తేట

"లోపల్నుంచి గడియ వేసుకున్నడమ్మా. వేసుకున్నది నీ కొడుకే. ఇంకేం సాక్ష్యం కావాలె?"

ఇన్‌స్పెక్టర్ ఆంజనేయులు ఆ మాట కటువుగా అనలేదు. అందుకే అది ఇంకా లోతుగా దిగింది. చుక్కాని లెర్నింగ్ ఆఫీసు ఐదో అంతస్తులో, స్టూడియో బయట ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చున్న పద్మావతి ఆత్మహత్య అని రాసి ఆయన చాపిన కాగితం వైపు చూడలేదు. రెండు చేతులతో ఫోను పట్టుకుని, ఎదురుగా ఉన్న తలుపునే చూస్తోంది. నిన్న రాత్రి ఆ తలుపు వెనకే ఆమె ఒక్కగానొక్క కొడుకు ఉదయ్ భాస్కర్ శవమై దొరికాడు.

"ఆవిడ గది చూసి చెప్పాకే సంతకం పెడతానండి," అంది పద్మావతి.

ఆవిడంటే ఉమాశ్రీ. మెట్లెక్కి వచ్చిన ఆయాసం ఇంకా తీరలేదు. లిఫ్టు మధ్యలో ఆగిపోతుందని ఆమెకు భయం.

ఆంజనేయులు ఆమెను పైనుంచి కిందికి చూశాడు. "పెళ్ళి సంబంధాల డిటెక్టివా? మేడం, పిలగాడు సిగరెట్ తాగుతడా, ఎవరితోనన్న తిరుగుతడా అని చూసుడు వేరే. చావు చూసుడు వేరే."

"రెండూ ఒకటేనండి. నలుగురూ చెప్పేదానికీ, జరిగినదానికీ తేడా ఉందేమో చూడటమే కదా."

మంచే జరుగుతుందని అనుకోవడం ఉమాశ్రీకి చేతకాదు. ఫోను మోగితే ఆస్పత్రి నుంచేమో అనుకుంటుంది. మోగకపోతే ఎత్తలేని స్థితిలో ఉన్నారేమో అనుకుంటుంది. కూతురు సుష్మ పొద్దున ఆఫీసు చేరగానే 'చేరాను' అని ఒక్క ముక్క పంపకపోతే ఆ పూట అన్నం సహించదు. ఇంటర్ తప్పిన మనిషికి ఈ పనిలో అంత పేరు రావడానికి ఆ భయమే కారణం. అందరూ నమ్మేసిన చోట ఆమె మనసు నమ్మదు.

మూడు నెలల కిందట ఆడపెళ్ళివారు అడిగితే ఉదయ్ భాస్కర్ వెనక వారం రోజులు తిరిగింది. కొత్తగూడ చౌరస్తాలో టీ తాగుతాడు, కొండాపూర్ దాకా నడుస్తాడు, నడుస్తూ తనలో తను మాట్లాడుకుంటాడు. మధ్యలో ఆగి గాలిలో ఏదో పట్టుకున్నట్టు చేతులు పెడతాడు. మొదట పిచ్చేమో అనుకుని హడలిపోయింది. తర్వాత తెలిసింది, అది పాఠం వల్లెవేసుకోవడం అని. అతను కాలేజీ లెక్చరర్ ఉద్యోగం వదిలి పిల్లలకు వీడియో పాఠాలు చెబుతున్నాడు. ఫ్రాన్సు రసాయన శాస్త్రజ్ఞుల కథలు.

ఆటోలో కూర్చుని అతని కోసం కాపలా కాస్తూ ఆ పాఠాలన్నీ ఫోనులో చూసింది ఉమాశ్రీ. లావోయిజర్ అనే ఆయన దేన్నైనా మండించే ముందు తూచేవాడట, మండాక మళ్ళీ తూచేవాడట. దీపం మండేదీ మనిషి బతికేదీ ఒకే గాలితో అని తేల్చాడట. ఆయన ప్రయోగాలు చేస్తుంటే భార్య మారీ-ఆన్ పక్కన బల్ల దగ్గర కూర్చుని బొమ్మలు గీసేదట. ఇంటర్‌లో కెమిస్ట్రీ పేరు చెబితే వణికిన మనిషికి, యాభయ్యో ఏట కొవ్వొత్తి ఎందుకు వెలుగుతుందో మొదటిసారి అర్థమైంది. ఆ వారం తర్వాత పెళ్ళివారికి ఒకే మాట చెప్పింది. "పిల్లాడిలో వంక పెట్టడానికి ఏమీ లేదండి."

తెల్లవారుజామున పద్మావతి ఫోను చేసి అన్నది కూడా ఆ మాట వల్లే. "మా అబ్బాయి గురించి ఈ ఊళ్ళో అందరికన్నా మీకే ఎక్కువ తెలుసమ్మా. వాడు నన్నొదిలి పోయే రకమేనా? మీరు చెబితే నమ్ముతాను."

ఉన్నది అవుననో కాదనో ఒక్క మాట. తల్లికి ఇక మిగిలేది ఆ మాటే.

ఆంజనేయులు తన లెక్క చెప్పాడు. "పోయిన వారం లగ్గం తప్పింది. పిల్ల తరఫోళ్ళు వేరే సంబంధం చూసుకున్నరు. కెమిస్ట్రీ సారు, ఏది మింగితే పోతమో ఎరుకున్నోడు. బల్ల మీద పాదరసం ఎర్ర పొడి సీసా ఉంది. తలుపుకు లోపల గడియ. కెమెరా సుత ఆన్ చేయలే. పాఠం చెప్పనీకి వచ్చినోడు కెమెరా ఆన్ చేయకుంటడా? ఒంటి మీద దెబ్బ లేదు, ఊపిరాడక పోయిండని డాక్టర్ అన్నడు. ల్యాబు రిపోర్టు ఎప్పుడొస్తదో ఎరుక లేదు. అందాక ఈ తల్లిని తిప్పుడెందుకు?"

"ఆ సీసా మూత తీసి ఉందా?"

"లేదు. మింగి మూత పెట్టిండు."

"చావబోయేవాడు మూత బిగించి పెట్టాడంటారు."

"పద్ధతి గల్ల పిలగాడని మీరే అంటిరి కదా." ఆంజనేయులు తలుపు తోశాడు. "చూడున్రి. ఏం ముట్టొద్దు."

స్టూడియో కిటికీల్లేని గది. గోడలకు నల్లటి స్పాంజి. మధ్యలో పల్లెటూరి ఇంటి వసారాలాంటి సెట్టు. నాలుగు వైపులా తొడ ఎత్తు పిట్టగోడ, దాటుకుని లోపలికి వెళ్ళాలి. లోపల చాప, పీట, ఒక మూల అలంకారానికి పేర్చిన ధాన్యం బస్తాలు. బడిలో నేల మీద కూర్చుని చూసే పిల్లలకు కుర్చీలో కూర్చుని చెప్పనని పట్టుబట్టి ఉదయ్ భాస్కర్ వేయించుకున్న సెట్టు అది. చాప మీద నిన్న పడి ఉన్న తీరున మనిషి ఆకారం సుద్దముక్కతో గీసి ఉంది. ఒక చెయ్యి పిట్టగోడ మీదికి, తలుపు వైపు చాచి ఉంది.

ఉమాశ్రీ ఆ చెయ్యి గీతను కాసేపు చూసింది. పిల్లాడు నిద్రలో మంచం అంచు దాటి చెయ్యి వేలాడేస్తే తల్లి సర్దుతుంది. ఇది సర్దలేని చెయ్యి.

"ఏసీ ఎవరు ఆపారు?"

"రికార్డింగుల చప్పుడు రావద్దని వాళ్ళే ఆపుతరట. రోజూ ఉన్నదే."

"ఆపినా వేసినా ఒకటేలెండి. అది లోపలి గాలినే తిప్పుతుంది కానీ బయటి గాలి తేదు." ఉమాశ్రీ పీట దగ్గర వంగింది. పీట మీద కొవ్వొత్తి. వత్తి కొస మాత్రమే నల్లబడింది, మైనం చుక్క కూడా కారలేదు. చాప మీద అగ్గిపుల్లలు. ఒకటి కాదు, ఏడెనిమిది. ప్రతి పుల్లకూ మందు మాత్రం కాలింది, కర్రకు మంట అంటలేదు.

"తడిసిన అగ్గిపెట్టె," అన్నాడు ఆంజనేయులు.

ఉమాశ్రీ పిట్టగోడ అవతల నిలబడి ఉన్న కానిస్టేబుల్ని అడిగి, ఆ పెట్టెలోంచే ఒక పుల్ల గీయించింది. అది వేళ్ళు కాలేదాకా మండింది.

ఆంజనేయులు పెట్టె తీసుకుని, తడి ఉందేమోనని వేలితో తడిమి చూశాడు.

పీట పక్కన ఒక గాజు గిన్నె. లోపల పాలు పోసినట్టు తెల్లగా ఉంది, అడుగున సుద్దలా పేరుకుంది. సెట్టు బయట, మనిషి భుజం ఎత్తున్న కెమెరా స్టాండు పక్క అరలో అలాంటిదే ఇంకో గిన్నె. అందులో నీళ్ళు తేటగా ఉన్నాయి, పైన పలచటి పొర మాత్రం కట్టింది.

"ఈ రెండూ సున్నపు తేటేనండి," అంది ఉమాశ్రీ. "ఒకే సీసాలోంచి పోసినవి. ఆ పాఠం నేను చూశాను. ఒకదాన్ని ముట్టుకోకుండా దూరంగా ఉంచుతాడు, రెండోదాంట్లో గొట్టంతో ఊదుతాడు. ఊదింది తెల్లబడుతుంది. మనం వదిలే గాలిలో బొగ్గుపులుసు గాలి ఉంటుంది కదా, అది తగిలి."

"అయితే ఊదిండు, తెల్లబడ్డది."

"ఊదే గొట్టాలు ఇదిగో, కవరు కూడా చింపలేదు."

ఆంజనేయులు కవరు చూశాడు. చూపు గిన్నె వైపు మళ్ళించాడు. "గాలికి పెడితే సున్నం ఎట్లన్న పొర కడ్తది మేడం. మా ఇంట్ల పాన్‌దాన్‌ల కట్టదా?"

"కడుతుంది. అరలోది అలా కట్టిందే. ఒకే గది, ఒకే రాత్రి. పైనున్నదానికి పొర, కిందున్నది పాలు. అంటే ఈ గోడ లోపల, నేలకు దగ్గరగా, ఆ గాలి నిండి ఉంది. బరువైన గాలండి అది. గిన్నెలో నీళ్ళు నిలిచినట్టు నిలుస్తుంది. అగ్గిపుల్ల అంటుకోనిది అందుకే. కొవ్వొత్తి అంటుకోలేదని అతను కిందికి వంగి ఇంకో పుల్ల గీశాడు, ఇంకోటి గీశాడు." ఆమె చాప మీది పుల్లల్ని వరసగా చూసింది. "దీపం ఆరిన చోట మనిషి ఉండకూడదని పిల్లలకు చెప్పినవాడే. ఆఖరి పుల్లకి అర్థమై ఉంటుంది. గోడ మీద చెయ్యి వేశాడు."

"కెమెరా మరి?"

"కెమెరా లేకుండా ఒకసారి చెప్పుకుని, అప్పుడు ఆన్ చేస్తాడు. రోడ్డు మీద కూడా అలా చెప్పుకుంటూ నడవడం వారం రోజులు చూశాను కదండీ."

"ఇంత గాలి ఎక్కడికెళ్ళి వచ్చింది? గోడల్నుంచి పుట్టిందా?"

సరైన ప్రశ్న. ఉమాశ్రీ బస్తాల మూలకు వెళ్ళింది. అక్కడ నేల మీద పరిచిన రెక్సిన్ చెట్టు బెరడులా పగిలి లేచింది. పగుళ్ళలో తేమ. తేమలో గోనె పీచు. పేర్చిన బస్తాల గోనె పాతది, బూడిదరంగు. ఈ పీచు పచ్చగా, కొత్తగా ఉంది.

"ఏసీ కారింది," అన్నాడు ఆంజనేయులు, కానీ ఈసారి ఆయన గొంతులో మునుపటి ధీమా లేదు. ఏసీ ఎదురు గోడకు ఉంది.

"పెళ్ళిళ్ళకు తిరిగీ తిరిగీ ఇలాంటి నేలలు చాలా చూశానండి. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ నడిచొచ్చేటప్పుడు కాళ్ళ దగ్గర తెల్లటి పొగ వదులుతారే, ఆ మంచు. డ్రై ఐస్. కింద పడితే రెక్సిన్ ఇలాగే పగులుతుంది. అది కరిగి నీళ్ళు కాదు. గాలైపోతుంది. ఇదే గాలి."

తలుపు బయటి నుంచి ఒక గొంతు వచ్చింది. "మా స్టూడియోలో డ్రై ఐస్ లేదు మేడం."

చుక్కాని లెర్నింగ్ యజమాని వినయ్. నలభై లోపు మనిషి, కర్నూలు వైపు వాడు. నిన్నటి చొక్కాయే ఒంటి మీద ఉంది. రాత్రంతా పోలీసులు ఇంటికి పంపలేదు. అతని వెనక గోడకు ఆనుకుని సౌండ్ చూసుకునే తిరుపతి నిలబడ్డాడు. తలుపు విరగ్గొట్టి లోపలికి వెళ్ళానని చెప్పినవాడు అతనే.

"ఉదయ్ నాకు తమ్ముడి లెక్క," అన్నాడు వినయ్. "అట్ల చేసుకుంటాడని ఎవురు అనుకుంటారు? పాపం ఆ తల్లిని ఇంకా ఏడిపించకండి."

ఉమాశ్రీ తలుపు దగ్గరికి వెళ్ళింది. గడియ పట్టీ ఊడి వేలాడుతోంది. చట్రం చెక్క పేళ్ళుగా లేచింది.

"తిరుపతీ, బయట నిలబడి భుజంతో గుద్దావా తలుపుని?"

"అవు మేడం."

"బయటి నుంచి గుద్దితే పేళ్ళు లోపలికి లేవాలి. ఇవి బయటికి లేచాయి చూడు. తలుపు తీసి ఉండగా లోపల నిలబడి దేంతోనో కొట్టి ఊడదీశారు."

ఆంజనేయులు నెమ్మదిగా వచ్చి ఆ పేళ్ళ మీద వేలు పెట్టి, మళ్ళీ తీసి, తన చేతిలోని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"వినయ్ గారూ, మీరెప్పుడు వచ్చారు?" అడిగింది ఉమాశ్రీ.

"చెప్పినా కదా. తొమ్మిదికి తిరుపతి ఫోన్ చేస్తే ఇంటి నుంచి వచ్చినా."

"అంతకుముందు ఈ అంతస్తులో ఎవరూ లేరా?"

"ఉదయ్ ఒక్కడే. తిరుపతి తినడానికి పోయినాడు."

అప్పుడు కుర్చీలోంచి పద్మావతి మాట్లాడింది. ఎవరినీ నిలదీస్తున్నట్టు కాదు, తనకే చెప్పుకుంటున్నట్టు.

"నేను ఏడింటి నుంచీ చేస్తూనే ఉన్నానండి. రికార్డింగు ఉంటే ఫోను ఇదిగో ఈ బుట్టలో పెట్టి లోపలికి వెళతాడని తెలుసు. అయినా చేస్తాను. వాడు విసుక్కుంటాడు కూడా, ఎన్నిసార్లు చేస్తావే అమ్మా అని. అన్నీ మోగీ మోగీ ఆగిపోయాయి. ఎనిమిదిన్నరకి చేసింది మాత్రం రెండు రింగులకే కట్ చేశాడు. బిజీగా ఉన్నారని చెప్పింది ఫోను. హమ్మయ్య, బాగానే ఉన్నాడు, పనిలో ఉండి కట్ చేశాడు అనుకున్నాను. అప్పుడు వెళ్ళి అన్నం తిన్నానండి."

ఆమె చివరి మాట చాలా మామూలుగా అంది.

ఉమాశ్రీ ఆంజనేయులు వైపు తిరిగింది. "ఫోను మీకు ఎక్కడ దొరికిందండీ?"

"బుట్టల్నే." ఆయన గొంతు మారింది. "లోపలున్నోడు బయట బుట్టలున్న ఫోన్ కట్ చేయలేడు. ఎనిమిదిన్నరకు ఈడ ఎవరో ఉన్నరు." ఆయన వినయ్ వైపు చూడలేదు, తిరుపతి వైపు చూశాడు. "నువ్వేనా?"

"నేను కిందున్న సార్. గేటు కాడ."

"తినడానికి పోయినవంటివి కదరా."

తిరుపతి గోడ వెంట జారి కూర్చున్నాడు. "నాకేం ఎరుక సార్. సోమవారం షూటింగుకు పొగ కావాలన్నరు. ఆ ఫ్రాన్సు సారు, లావోయిజర్, ఆయన తలకాయ నరికే సీను. పొద్దుగాల మంచులెక్క ఉండాలన్నరు. ఉదయ్ సారు వద్దన్నడు, పొగలు గిట్ల ఎందుకు, పిల్లలకు మనిషి కనవడాలె అన్నడు. వినయ్ సార్ తెప్పిచ్చిండు. రెండు డబ్బాలు. ఒకటి లిఫ్టుల పడి పగిలింది. మంచు పాడైతదని నేనే తెచ్చి ఆ బస్తాల మూలకు పోసిన. అన్నింటికంటె సల్లగుండేది ఈ రూమే కదా. పైన తడి గోనె కప్పిన. మా నాయిన ఐసు గడ్డలు అమ్మేటోడు, గట్లనే కప్పేటోడు. సల్లగ ఆగుతదనుకున్న."

ఆగలేదు. తడి తగిలిన కొద్దీ ఆ మంచు ఇంకా త్వరగా గాలైంది, పిట్టగోడ లోపల కుండలో నీళ్ళలా నిండింది. మంచివాడు మంచి ఉద్దేశంతో చేసిన పని. ఉమాశ్రీకి ప్రాణం ఉసూరుమంది. దొంగను పట్టుకుంటే కోపం వస్తుంది. ఇలాంటివాణ్ణి పట్టుకుంటే ఏం చేయాలి?

"తర్వాత?" అంది మెల్లగా.

"తిని వచ్చేవరకు తలుపు మీద రికార్డింగు ఎర్ర లైటు ఇంకా వెలుగుతుండె. తలుపు తీసిన. గడియ గిడియ ఏం లేకుండె. సారు పడున్నడు. ఛాతి కదులుతుండె మేడం. నా కళ్ళతోని చూసిన. వినయ్ సార్ పక్క రూములనే ఉండె, పిలిచిన. అంబులెన్స్‌కు చేసిన, నువ్వు కిందికి పోయి తోవ చూపియ్యి అన్నడు. గేటు కాడ నిలవడ్డ. ఎంతసేపటికి రాలే. పైకొచ్చి చూస్తే తలుపు మూసుంది. మంచు లేదు, గోనె లేదు, డబ్బాలు లేవు. సారు ఆడనే ఉన్నడు. ఇగ కదుల్తలేడు. నువ్వే పోసినవు, నువ్వే జైలుకు పోతవు, గడియ ఉండెనని చెప్పు అన్నడు."

పద్మావతి లేచి నిలబడింది. "తలుపు మూశారా?" అంది. ఆ ప్రశ్న వినయ్‌ని.

"అమ్మా, నేను చంపలేదు," అన్నాడు వినయ్. "అప్పటికే పోయినాడనుకున్నా. భయమేసింది. కంపెనీ, ఇంతమంది ఉద్యోగాలు... ఎవరన్నా వస్తారేమోనని తలుపు దగ్గరికేసినా. అంతే."

"గాలి తగలనిచ్చి ఉంటే బతికేవాడేమోనండి," అంది ఉమాశ్రీ. ఆ మాట ఆ తల్లి ముందు అనాలో వద్దో ఆమెకు తెలియలేదు. కానీ పొద్దున అడిగిన ప్రశ్నకు అది కూడా జవాబే. పద్మావతి వైపు తిరిగి చెప్పింది. "అమ్మా, మీ అబ్బాయి మిమ్మల్ని వదిలి వెళ్ళలేదు. మీ దగ్గరికి రావడానికే గోడ మీద చెయ్యి వేశాడు."

పద్మావతి తల ఊపింది. ఏడుపు ముఖం దాకా వచ్చి ఆగిపోయింది. ఆమె మళ్ళీ కూర్చోలేదు.

ఆంజనేయులు కానిస్టేబుల్‌కి సైగ చేశాడు. వినయ్ చేతులు చాపాడు, ఒక రకంగా బరువు దిగినవాడిలా.

కానీ ఉమాశ్రీ మనసు నెమ్మదించలేదు. అందరూ ఇక అయిపోయిందనుకునే చోట ఆమె మొదటి నుంచీ మళ్ళీ లెక్క చూసుకుంటుంది. అతని పాఠంలో మాట గుర్తొచ్చింది. పిల్లలూ, ఏదీ మాయం కాదు, మాయమైందంటే మనం చూడని చోటికి వెళ్ళిందని. పగిలిన డబ్బాలో మంచు గాలైంది. గాలి సున్నంలోకి దిగింది. ఇంకోటి?

"రెండు డబ్బాలన్నాడు. పగలని డబ్బా ఏది?"

వినయ్ నిర్లక్ష్యంగా చెయ్యి ఊపాడు. "నా కారు డిక్కీలో పడేసినా. రాత్రే ఎక్కడన్నా పారేద్దామనుకుంటే వీళ్ళు కదలనియ్యలేదు. అక్కడే ఉంటాది, తీసుకోండి."

"మూత గట్టిగా ఉందా?"

"తొందరలో తోసేసినా. పక్కకి వాలిపోయి కొంచెం..." అతను మాట ఆపాడు.

"ఏం కారు?"

"పెద్ద కారే. ఏడు సీట్లది."

"డిక్కీకీ సీట్లకీ మధ్య అడ్డం ఉండదు దానికి." ఉమాశ్రీ అతని దగ్గరికి ఒక అడుగు వేసింది. "కారు కిందే ఉంది కదా?"

వినయ్ గోడ గడియారం వైపు చూశాడు. శనివారం. పన్నెండు దాటింది. అతని ముఖంలోంచి రంగు దిగిపోవడం ఉమాశ్రీ కళ్ళారా చూసింది. ఇంతసేపూ ఎంత అడిగినా బయటపడని మనిషి, ఎవరూ అడగకుండానే చెదిరిపోయాడు.

"ఒంటిపూట బడి," అన్నాడు. "డ్రైవర్ తిమ్మప్ప మా పాపని తేవడానికి పోయింటాడు. తాళాలు వాడి దగ్గరే ఉంటాయి. ఎండకి అద్దాలెక్కించి ఏసీ వేస్తాడు. పాప వెనక సీట్లో పడుకుంటాది."

ఆంజనేయులు అప్పటికే వైర్‌లెస్ అందుకున్నాడు. "బండి నంబర్ చెప్పు. జల్ది." కొత్తగూడ చౌరస్తా, కొండాపూర్ సిగ్నల్, బడి దగ్గరి గస్తీ బండి, అన్నింటికీ ఒకే మాట. నల్ల బండి, ఆపి నాలుగు తలుపులూ తెరవండి, ఎవరినీ లోపల ఉంచొద్దు. ఉమాశ్రీ వైపు తిరిగి, "ఇంకేమన్న చెప్పాల్నా మేడం?" అని అడిగాడు. ఆ 'మేడం'లో వెక్కిరింపు లేదు.

"పాపని పైకెత్తి పట్టుకోమనండి. కింద కూర్చోబెట్టొద్దని చెప్పండి."

వినయ్ ఫోను తీశాడు. నంబరు తప్పు పడింది. మళ్ళీ నొక్కాడు. స్పీకర్లో రింగు వినిపించింది. ఒకటి, ఇంకొకటి. మోగీ మోగీ ఆగిపోయింది. తిమ్మప్ప ఎత్తలేదు. వినయ్ ఫోను వైపు అలాగే చూస్తూ నిలబడిపోయాడు, అది తన చేతిలోకి ఎలా వచ్చిందో తెలియనివాడిలా.

పద్మావతి అతని దగ్గరికి నడిచింది. కానిస్టేబుల్ అడ్డు రాబోతే ఉమాశ్రీ చేత్తో ఆపింది. ఆ తల్లి ఏం చేస్తుందోనని ఆమెకూ భయంగానే ఉంది.

పద్మావతి వినయ్ మోచెయ్యి పట్టుకుని, జారిపోతున్న ఫోనుని అతని అరచేతిలో సరిగ్గా నిలబెట్టింది.

"మళ్ళీ చెయ్యి బాబూ," అంది. "ఎత్తేదాకా చెయ్యాలి. ఆపకూడదు."